బోర్లించిన గ్లాసులు

ఆ రోజు నేను లెక్క తప్పు చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు అది పొరపాటు. రెండోసారి చెప్పినప్పుడు పొరపాటు కాదు. రెండింటి మధ్య గడిచింది ఒక గుక్క కాఫీ మింగేంత సేపు. ఆ కాస్త సేపట్లో ఒక మనిషి నోటికాడి కూడు పడగొట్టాను.

ఈ సంగతి ఇన్నాళ్ళూ దాచానని చెప్పను. చెప్పవలసిన చోట్ల చెప్పాను. కాగితం మీద మాత్రం పెట్టలేదు. మొన్న మా వీధివాళ్ళందరం నీళ్ళ కుళాయి సంగతి మాట్లాడుకోవడానికి ఒకచోట కూర్చున్నాం. హోటలు నుంచి వచ్చిన మనిషి టీ ఎవరికి, కాఫీ ఎవరికి అని చేతులెత్తమన్నాడు. లెక్కపెట్టుకొని వెళ్ళబోతుంటే నేను, "ఆ మూల కుర్చీ ఆయనకు టీ రాసుకో, ఆయనెప్పుడూ టీనే" అన్నాను. ఆ కుర్చీ మనిషి అప్పటికి బయటికి లేచిపోయాడు. "ఈడ లేనాయప్పది ఎట్ల రాసుకునేది సార్? వచ్చినాక అడుగుతాలే" అని హోటలు మనిషి మామూలుగా అనేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కుళాయి మాటల్లో పడ్డారు. నాకు మాత్రం ఆ తరువాత ఒక్క మాటా చెవికెక్కలేదు. ముప్పై ఆరు, ఇరవై ఆరు అనే రెండు అంకెలు తలలో తిరగసాగాయి.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. రాస్తే ఆయన ఒప్పుకున్నట్టు అవుతుంది. హాస్టల్లో మేమందరం ఆయనను కాఫీయప్ప అనేవాళ్ళం. మాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద మనిషిని నువ్వు అని పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఆయన అని రాస్తుంటే ఈ మర్యాద ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలుస్తోంది.

కర్నూలు అప్పుడు రాజధాని. కచేరీలు కొన్ని గుడారాల్లో నడిచేవి. ఊళ్ళో గది దొరకడం గగనం కాబట్టి కాలేజీ పిల్లలం అరవై రెండు మందిమి ఒక పాత బంగళాలో సర్దుకున్నాం. అదే మా హాస్టలు. వంట చేయడానికి ఒక వంటాయన ఉండేవాడు. కాఫీకి మాత్రం ఈయన. గింజలు వేయించడం, మర తిప్పడం, డికాక్షన్ దించడం, అరవై రెండు గ్లాసుల్లో పోయడం, ఆ గ్లాసులు తోమడం. అంతే ఆయన పని. వంటింటి తక్కిన పనుల్లో వేలు పెట్టేవాడు కాదు, తన పనిలో ఇంకొకరిని పెట్టనిచ్చేవాడు కాదు.

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి గింజలు వేయించేవాడు. గరిటె తిప్పుతూ కళ్ళు మూసుకునేవాడు. రంగు చూసి దించేవాడు కాదు, వాసన చూసి దించేవాడు. కళ్ళు తెరిస్తే మోసపోతామనేవాడు. దించిన డికాక్షన్ మొదటి చుక్కను ఎడమచేతి వెనకవైపు వేసుకొని నాలుకతో అద్దేవాడు. ఆయన కాఫీ రుచి చూడడం అంతవరకే. గ్లాసు నిండా తాగగా ఎవరూ చూడలేదు. పొద్దున మేము తాగి వెళ్ళాక గోడకు ఆనుకొని కూర్చొని జొన్న అంబలి తాగేవాడు.

"నీకు కాఫీ ఇష్టం లేదా?" అని ఒకసారి అడిగాను.

"ఇష్టపడితే నాకు బాగుండేదాన్నే మీకూ పోస్తా గదప్పా" అన్నాడు. "ఒగనికి చేదు కావాల, ఒగనికి తీపి కావాల. నా నాలిక ఊరకుంటేనే మీ నాలికలు తెలిసేది."

ఆయనకు మా పేర్లు తెలియవు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. మా గ్లాసులు తెలుసు. ఇళ్ళ నుంచి తలా ఒక ఇత్తడి గ్లాసు తెచ్చుకునేవాళ్ళం. వాటి మీద తాతల పేర్లో తండ్రుల పేర్లో చెక్కి ఉండేవి. ఆయనకు చదువు రాదు. సొట్టలను బట్టి, అంచులను బట్టి గుర్తుపట్టేవాడు. "సొట్ట గ్లాసుకు జరం తగ్గినాదా?" అని అడిగేవాడు. "కాలు విరిగిన గ్లాసు ఈ నడుమ తీపి ఎక్కువ తాగుతాండాడు, ఇంటికి రాసి చెప్పండప్పా" అనేవాడు. నాది మా అమ్మ ఇచ్చిన పెద్ద గ్లాసు. అందుకని నేను పెద్ద గ్లాసు. పరీక్షలప్పుడు ఎవరి గ్లాసులో డికాక్షన్ ఒక చారెడు ఎక్కువ పడేదో, ఎవరి గ్లాసులో శొంఠి పడేదో అడిగితే చెప్పేవాడు కాదు. తాగినవాడికే తెలిసేది.

చదువు రాకపోయినా లెక్క రాకపోలేదు. మర పిడి తిప్పుతూ ఒందు, ఎరడు, మూరు అని కన్నడంలో లెక్కపెట్టుకునేవాడు. బళ్ళారి హోటల్లో పని నేర్చిన మనిషి. ఇన్ని గింజలకు ఇన్ని తిప్పులు అని ఆయనకొక లెక్క ఉండేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఆపి, వాళ్ళు వెళ్ళాక ఆపిన అంకె నుంచే మొదలుపెట్టేవాడు. పిల్లలు కావాలని పలకరించి చూసేవాళ్ళు. ఒక్కరోజు కూడా అంకె తప్పలేదు.

ఆయన సొంతూరు కోసిగి దగ్గర పల్లె. అక్కడ వానలు పడని ఏడాది ఊళ్ళకు ఊళ్ళే మూటలు కట్టుకొని పని వెతుక్కుంటూ పోతాయి. సుగ్గికి పోవడం అంటారు. ఆయన తండ్రి అలా పోయాడు, అన్న అలా పోయి ఏ ఊళ్ళోనో చనిపోయాడు. "మా ఇంట్లో వరసగా రెండేండ్లు ఒకే పొయ్యి ముందర కూచున్నోన్ని నేనే" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఊళ్ళో భార్య, మంచం పట్టిన తమ్ముడు ఉన్నారు. ఈ పొయ్యి ఉంది కాబట్టే వాళ్ళు ఊరు వదలకుండా నిలబడ్డారు.

ఇప్పుడు టీ సంగతి చెప్పాలి.

మా ఇళ్ళల్లో కాఫీ అంటే మర్యాద. కరణమో అమీనో వస్తే కాఫీ. మాది కడప జిల్లాలో ఒక నల్లరేగడి పల్లె. మా నాయన తాలూకా కచేరీ మనుషులు వచ్చినప్పుడు మాత్రమే కాఫీ తాగేవాడు, అదీ వెండి గ్లాసులో. టీ పేరు ఇంట్లో ఎత్తితే బయటి తిళ్ళు, బయటి తాగుళ్ళు అని మా నాయనమ్మ సణిగేది. కర్నూలుకు వచ్చాక సాయిబుల హోటళ్ళలో టీ చూశాం. కాఫీ హోటల్లో తాగి లేవాలి, వెనక మనిషి నిలబడి ఉంటాడు. టీ హోటల్లో ఒక్క కప్పు పెట్టుకొని రాష్ట్రం సంగతులన్నీ తేల్చేయవచ్చు. ఎవరూ లేపరు. టీ తాగితే పెద్దవాళ్ళమయినట్టు, ఇంటి గడప దాటినట్టు ఉండేది. హాస్టల్లో కూడా కాఫీ తీసేసి టీ పెట్టాలని కొందరు పట్టుబట్టారు. కొందరు కాఫీ తప్ప వద్దన్నారు. భోజనాల దగ్గర రోజూ ఇదే వాదన.

ఆ ఏడాది నేను మెస్సు సెక్రటరీని. టీ జట్టు వాళ్ళే నన్ను నిలబెట్టారు. దసరాలోపల టీ తెప్పిస్తానని మాట ఇచ్చాను. సెప్టెంబరు వచ్చినా తేలకపోయేసరికి, "సెక్రటరీ అయి ఏం సాధిస్తివప్పా, సాంబార్లో ఉప్పు చూస్తాండావా?" అని ఎగతాళి మొదలైంది. ఆ ఎగతాళి నన్ను ఎంత పొడిచిందో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు నిద్ర పట్టేది కాదు.

వార్డెను రిటైరైన పంతులు. నన్ను గదిలోకి పిలిచి, "ఏదో ఒకటి తేల్చుకోండి. రెండూ కాయించేది నా వల్ల కాదు. టీ అయితే వంటాయనే కాస్తాడు. ఆ కాఫీ మనిషిని నెలాఖరుకు పంపించేస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం పెరట్లోకి వెళ్ళాను. ఆయన మూకుడు ముందు కూర్చొని ఉన్నాడు.

"ఏం పెద్ద గ్లాసూ, టీ అంటాండారంటనే?"

"పిల్లోళ్ళు అడుగుతాండారు."

"అడగనీప్పా. నోరు వాళ్ళది."

"టీ అయితే నీ పని పోతాదంటాండాడు వార్డెను."

"నాతో గూడా చెప్పినాడు."

"పిల్లోళ్ళకు ఈ మాట చెప్తాలే. చెప్తే ఒగడు గూడా టీ అనడు."

ఆయన గరిటె ఆపి కళ్ళు తెరిచాడు. "చెప్పొద్దు. నా మొగం జూసి తాగితే అది కాఫీ గాదు, కషాయం. జరమొచ్చినోడు తాగినట్ల తాగుతారు. అట్లాంటిది నేను పొయ్యను" అన్నాడు. మళ్ళీ గరిటె తిప్పుతూ, "ఎవురికేం గావాల్నో సరిగ్గా లెక్కబెట్టు. అంత చాలు" అన్నాడు.

అడిగింది అంతే. ఆ మనిషి నన్ను కనికరం అడగలేదు. లెక్క అడిగాడు.

ఆ ఏడాది మొదట్లోనే ఎన్నికలు జరిగాయి. మాలో చాలామందికి ఓటు వయసు రాలేదు. బయటి నుంచి చూసి ఊరుకున్నాం. అందుకని హాస్టల్లో ఓటు అనగానే అందరికీ మోజు పుట్టింది. చీటీలు రాస్తే దొంగ చీటీలు పడతాయని ఒకరు, చేతులెత్తితే మొహమాటపడతారని ఒకరు అన్నారు. గ్లాసులతో ఓటు వేద్దామన్నది నా ఆలోచన. వంటింటి కిటికీ ముందర పొడవాటి కడప బండ ఒకటి ఉండేది. తోమిన గ్లాసులు దాని మీద వరసగా బోర్లించి ఉండేవి. శనివారం పొద్దున కాఫీ కావాలన్నవాడు తన గ్లాసు వెల్లకిలా పెట్టాలి. టీ కావాలన్నవాడు బోర్లించిన గ్లాసును అలాగే వదలాలి. గ్లాసు ఒకరిది ఇంకొకరు ముట్టరు కాబట్టి మోసం ఉండదు. ఎంత తెలివైన ఏర్పాటని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ ఏర్పాటులో ఉన్న బొక్క నాకు తట్టలేదు. ఊళ్ళో లేనివాడి గ్లాసు కూడా బోర్లించే ఉంటుంది.

ఉత్తర కార్తెలో రెండు రోజులు వాన కురిసింది. మా సీమలో వాన కురిస్తే కాలేజీ, పరీక్ష ఏదీ నిలవదు. నేల పదును ఆరకముందే జొన్న విత్తాలి. గొర్రు పట్టే చేతులు చాలక ఇళ్ళ నుంచి కబుర్లు వస్తాయి. గురువారం, శుక్రవారం పదిహేడు మంది ఊళ్ళకు పరిగెత్తారు. వాళ్ళు వచ్చేదాకా ఓటు ఆపుదామని ఒకరిద్దరు అన్నారు. నేను ఆపలేదు. దసరా దగ్గర పడుతోంది.

శనివారం పొద్దున అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను బండ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ పైకి లెక్కపెట్టాను. వెల్లకిలా ఉన్నవి ఇరవై ఆరు. బోర్లించినవి ముప్పై ఆరు.

"టీ" అన్నాను.

చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో నా వీపు మీద చరిచారు. అప్పుడు కిటికీ లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"అప్పా, ఆ కొసనుండే పదిహేడూ ఊర్లకు పోయినోళ్ళవి. పొద్దున నేనే జరిపి పెట్టినా."

చూశాను. బండ చివర పదిహేడు గ్లాసులు విడిగా ఉన్నాయి. వాటికీ మిగతావాటికీ మధ్య జానెడు ఎడం ఉంది. ఎవరూ పొరబడకూడదని ఆయన వదిలిన ఎడం అది. నేను లెక్కపెడుతూ ఆ ఎడాన్ని దాటి వెళ్ళిపోయాను. పదిహేడు తీసేస్తే టీకి పంతొమ్మిది. కాఫీకి ఇరవై ఆరు. తీసివేత చేయడానికి నాకు క్షణం పట్టలేదు. నేను లెక్కల విద్యార్థిని.

కానీ చప్పట్లు ఇంకా ఆగలేదు. వీపు మీద చెయ్యి ఇంకా ఉంది.

"సంతకం చేసేదానికి రాదు, నీకు ఓట్ల లెక్క ఎందుకప్పా?" అన్నాను. "బోర్లించినవి ముప్పై ఆరు. అయిపోయింది."

అందరూ నవ్వారు. కాఫీ కావాలన్న వాళ్ళలో కూడా కొందరు నవ్వారు. ఒకరిద్దరికి సంగతి తెలిసే ఉంటుంది. గ్లాసెడు కాఫీ కోసం సెక్రటరీతో తగువెందుకని ఊరుకొని ఉంటారు.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు. మర తిప్పుతుంటే ఎవరైనా పలకరించినప్పుడు చూసే చూపు అది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి చూసే చూపు. తరువాత భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకొని బయటికి వచ్చాడు. వెల్లకిలా ఉన్న ఇరవై ఆరు గ్లాసుల్లో దుమ్ము పడుతుందని ఒక్కొక్కటే తీసి బోర్లించాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

నెలాఖరు వరకు కాఫీ పోశాడు. నా గ్లాసులో ఏ తేడా లేదు. చిక్కదనం తగ్గలేదు, చక్కెర తగ్గలేదు. తగ్గించి ఉంటే నాకు సుఖంగా ఉండేది. చివరి రోజు వంటాయనకు ఎన్ని నీళ్ళకు ఎంత టీపొడి వేయాలో కూడా ఆయనే చెప్పి వెళ్ళాడని తరువాత విన్నాను. ఆయన వెళ్ళేటప్పుడు నేను మేడ మీద గదిలో పుస్తకం తెరుచుకొని కూర్చున్నాను. గేటు చప్పుడు వినిపించింది. కిటికీ దగ్గరికి పోలేదు.

విత్తనానికి వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగివచ్చారు. అందరికంటే చివర ఖాదర్ వచ్చాడు. కడప దగ్గర పల్లెలో వాళ్ళకు మెట్ట చేలు ఉండేవి. నా పక్క గది వాడు. హాస్టల్లో టీ కావాలని మొదట గొంతెత్తింది వాడే. పొద్దున టీ తాగి, భలే ఉందన్నాడు. సాయంత్రం నా గదికి వచ్చి తలుపు వేశాడు.

"ఓటు యా దినం జరిగింది?"

"శనివారం."

"శనివారం నేను గొర్రు తోలుతాంటి. మరి నా గ్లాసు టీ అన్నాదంటనే?"

నేను చేతిలోని పుస్తకం మూశాను.

"ముప్పై ఆర్లో నాది గూడా కలిపినావా లేదా?"

"కలిసింది."

"కలిసిందా, కలిపితివా?"

"కలిపినా."

ఖాదర్ మంచం మీద కూలబడ్డాడు. "నాకు టీ కావాలని నీతో అన్నింది నిజమే. అడిగింటే టీ అనే అందును. అయితే నువ్వు అడగల్యా. ఆయప్ప నా మూలాన గూడా పోయినట్లాయ గదరా" అన్నాడు. తరువాత, "దొంగ ఓటుతో వచ్చిన టీ నాకొద్దు" అని లేచి వెళ్ళాడు. మరునాటి నుంచి పొద్దున మంచినీళ్ళు తాగి కాలేజీకి వచ్చేవాడు.

కాఫీయప్ప ఊరికి పోలేదని వంటాయన చెప్పాడు. కోసిగి వైపు నుంచి సుగ్గికి బయలుదేరిన వాళ్ళ గుంపు ఒకటి బేతంచెర్ల గనుల్లో ఉందని తెలిసి అక్కడికి వెళ్ళాడట. ఆ ఆదివారం రైలెక్కి, ద్రోణాచలంలో బండి మారి బేతంచెర్లలో దిగాను. ఊరి బయట నేలంతా తవ్వి బండలు తీస్తున్నారు. గడ్డపారల చప్పుడు, తెల్లటి దుమ్ము. మనుషులు కనుబొమలతో సహా తెల్లగా ఉన్నారు. ఆయన కావడి మోస్తూ గనిలోకి దిగుతున్నాడు. పని వాళ్ళకు నీళ్ళు పోయడం ఆయన పని. మర తిప్పిన చెయ్యి మీద చర్మం బీటలు వారింది.

నన్ను చూసి కావడి దించాడు. ముంతతో నీళ్ళిచ్చాడు.

"యాడికప్పా ఇట్లొస్తివి?"

"నీ కోసరమే వచ్చినా."

కూర్చోమని అనలేదు. నిలబడే చెప్పాను. పదిహేడు గ్లాసులు ఎవరివో నాకు ఆ క్షణంలోనే తెలుసని, తెలిసే ఆ మాట అన్నానని చెప్పాను. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ పోయి చివరికి రెండు ముక్కలే మిగిలాయి.

ఆయన విన్నాడు. పైనుంచి ఒకామె నీళ్ళు అని కేకేస్తే వెళ్ళి పోసి వచ్చాడు.

"ఇది నాకు తెల్సు గదప్పా" అన్నాడు.

"తెల్సు. అయినా చెప్పల్లనిపించింది."

"తెలిసినోనికి చెప్పేదానికి రైలెక్కి వస్తివా?" అన్నాడు. ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. "మీ వార్డెనుకు చెప్తివా?"

"లేదు."

"పిల్లోళ్ళకు?"

"లేదు."

"అక్షరం రాదంటే నగితిరి. అది నిజమే, రాదు. లెక్క రాదని నగితే ఎట్లప్పా? నాకుండేది అదొగటే గదా." కావడి భుజానికెత్తుకున్నాడు. "తెలీనోళ్ళకు చెప్పుపో."

క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి అడగకుండానే తిరిగివచ్చాను.

సోమవారం మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నాక లేచి నిలబడ్డాను. వంటింటి గుమ్మంలో వార్డెను ఉన్నాడు. కాఫీకి ఇరవై ఆరు, టీకి పంతొమ్మిది అని చెప్పాను. మిగతా పదిహేడు ఊళ్ళో లేనివాళ్ళవని, ఆయన సరిగ్గా లెక్కపెట్టాడని, నేను తెలిసీ అబద్ధం చెప్పానని చెప్పాను. తరువాత ఒక మూల నుంచి, "పోయిందిలేప్పా, టీ బాగనే ఉండాది" అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వు నేను నేర్పిందే. మళ్ళీ ఓటు పెట్టాలని ఖాదర్ ఒక్కడే పట్టుబట్టాడు. మర అప్పటికే ఎవరికో ఇచ్చేశారని, ఇంక కాఫీ కుదరదని వార్డెను తేల్చేశాడు. నన్ను సెక్రటరీగా తీసేశాడు. తీసేయకపోతే ఏం చేసేవాణ్ణో తెలియదు.

అంటే నిజం చెప్పినందువల్ల ఆయనకు ఒరిగింది ఏమీ లేదు. నా మనసు కొంచెం తేలికైంది. అది చూసుకొని నాకే రోత పుట్టింది.

దారి ఖాదర్ చూపించాడు. కడపలో వాళ్ళ నాయనకు తెలిసిన ఒక కాఫీ హోటలు యజమానికి చేయి తిరిగిన మనిషి కావాలట. ఊరూ పేరూ తెలియనివాణ్ణి పెట్టుకోడు, ముందు పని చేసినచోటి నుంచి చీటీ కావాలన్నాడట. వార్డెను గది ముందు మూడు సాయంత్రాలు నిలబడ్డాను. నాలుగో సాయంత్రం రెండు వాక్యాలు రాసిచ్చాడు. ఈ మనిషి పని మంచిది, నడవడి మంచిది. పంపించిన కారణం రాయమంటే, "అది నువ్వు చేసిన ఘనకార్యం, నేనెందుకు రాస్తా?" అన్నాడు.

చీటీ పట్టుకొని మళ్ళీ బేతంచెర్ల వెళ్ళాను. పిల్లలకు చెప్పానన్నాను. ఏమన్నారని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, నవ్వారని కూడా. తల పంకించాడు. కడప సంగతి చెబితే చాలాసేపు గని వైపు చూశాడు. "మంచం మీదుండే తమ్ముడు, ఆడమనిషి, ఇద్దరూ ఊర్లో ఒంటిగా ఉండారు. ఈడ్నుంచి వీళ్ళు యా పక్కకు పోతారో తెలీదు" అన్నాడు, నాతో కాదు, తనతో. తరువాత వెళ్ళి మూట కట్టుకొని వచ్చాడు.

రెండు బస్సులు మారి కడప చేరేదాకా నాతో మాట్లాడలేదు. మూట నా ఒళ్ళో పెట్టుకుంటానంటే ఇచ్చాడు. అంతే.

హోటలు యజమాని లావాటి మనిషి. గల్లాపెట్టె వెనక కూర్చొని చీటీ చదివాడు. చీటీ మీద నమ్మకం పెట్టుకోకుండా, ముందు ఒక కాఫీ చేసి చూపించమన్నాడు. ఆయన లోపలికి వెళ్ళాడు. మర తనకు కొత్త కాబట్టి ఒకసారి పిడి చేత్తో నిమిరి చూశాడు. తిప్పడం మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి.

"నడవడి మంచిదని రాసిండారు, పని మంచిదని రాసిండారు. మరి ఎందుకు తీసేసిరి?" అని యజమాని లోపలికి కేకేసి అడిగాడు.

మర ఆగింది. ఆయన నా వైపు చూశాడు. జవాబు ఆయన చెప్పడని అర్థమైంది. హోటల్లో పది పదిహేను మంది కూర్చొని ఉన్నారు. అందరూ మా వైపు తిరిగారు. ఒక్కరికీ నేను తెలియదు. మా ఊరికి ఈ ఊరు నలభై మైళ్ళు. రేపు వీళ్ళలో ఎవరైనా మా నాయనకు ఎదురుపడవచ్చు.

"ఆయప్ప తప్పేం లేదు" అన్నాను. "హాస్టల్లో టీనా కాఫీనా అని ఓట్లు పెడితే కాఫీ గెలిచింది. నేను దొంగ లెక్క చెప్పి టీ గెలిపిస్తిని. ఆయప్ప సరైన లెక్క చెప్తే, సదువు రానోనివి నీకెందుకని అందరి ముందర అంటిని. అందుకని పని పోయింది."

యజమాని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఎవురి కొడుకువు నువ్వు?" అన్నాడు.

మా నాయన పేరు, ఊరి పేరు చెప్పాను.

"పెద్దింటి పిల్లోనివే" అన్నాడు. అంతకంటే అనవలసింది లేదు.

లోపల మర మళ్ళీ తిరిగింది. కాసేపటికి కాఫీ వచ్చింది. మొదటి గ్లాసు యజమానికి ఇచ్చాడు. యజమాని ఒక గుక్క తాగి, రెండో గుక్కకు గ్లాసు దించకుండా తాగేసి, "ఈ పొద్దునుంచే ఉండుపో" అన్నాడు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు మాకూ అని అడిగారు. వరసగా పోసుకుంటూ వచ్చాడు. గోడ పక్క ముసలాయనకు పోశాడు. ఎండలో వచ్చిన బండివాడికి పోశాడు. నేను నిలబడిన చోటికి వచ్చి, నన్ను దాటి, వెనక బల్ల దగ్గరికి వెళ్ళాడు.

నాకు పోయలేదు. నేను అడగలేదు. లోపలికి వెళ్ళి ఆయన మూట పొయ్యి పక్కన గూట్లో, తడి తగలని చోట పెట్టాను. బస్టాండుకు నడిచాను.